వెనక గోడలో చిన్న తలుపు

"బచ్చలింట్లో పాచికి కాలు జారింది రా. గోడ పట్టుకున్యా కాబట్టి సరిపోయింది" అని అమ్మ ఫోన్‌లో చెప్పిన రాత్రే బెంగళూరులో బస్సెక్కాను. గోరంట్లలో మా ఇల్లు 1958లో తాత కట్టించింది. ముందు భాగానికి రంగులు పడ్డాయి, ఫ్యాన్లు మారాయి, హాల్లోకి గ్రానైట్ కూడా వచ్చింది. పెరట్లో పక్కపక్కనే ఉన్న ఆ రెండు గదులను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఒకటి బచ్చలిల్లు, రెండోది మరుగుదొడ్డి. నా దగ్గర ఉన్నది నలభై వేలు. ఇంకా పెట్టగలను గానీ, అంతకు మించితే అమ్మే ఒప్పుకోదు.

టైల్స్ వేయించేద్దాం అనుకుంటూ వెళ్లాను. మేస్త్రి కింద కూర్చుని, నేల మీద చెంబుడు నీళ్లు పోసి చూశాడు. నీళ్లు ఎటూ పోలేదు. "బండలు బాగానే ఉండాయి సార్. వాలే పోయింది" అన్నాడు. కింద మట్టి కుంగి, నీళ్లు నిలబడి, ఆ తేమకు పాచి పడుతోందట. ఉన్న బండలనే లేపి, ఉలితో గాట్లు కొట్టించి, అడుగుకు పావు అంగుళం వాలుతో మళ్లీ పరిస్తే చాలన్నాడు. నున్నటి టైల్స్ వేసుంటే అమ్మ ఇంకోసారి జారేదే.

అవి నాపరాళ్లు. బయటివాళ్లు కడప బండలంటారు, మనవాళ్లు తాడిపత్రి బండలనీ బేతంచెర్ల బండలనీ ఊరి పేరుతో పిలుచుకుంటారు. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల గురించి జియలాజికల్ సర్వే కోసం పెద్ద గ్రంథమే రాశాడు. పొరలుగా విడిపోతుంది కాబట్టే చవక, చవక కాబట్టే సీమలో అరుగుల నుంచి సమాధుల దాకా అదే రాయి. లేపిన బండల్లో మూడే పగిలాయి. బచ్చలింటి ఖర్చు అనుకున్నదాంట్లో సగం కూడా కాలేదు. నీళ్లు కాచే రాగి అండాను అమ్మేయమని ఎవరో సలహా ఇచ్చారు. అమ్మ చూసిన చూపుకు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మిగిలిన డబ్బుతో రెండో గది మొదలుపెట్టాం. అమ్మ మోకాళ్లకు కమోడ్ కావాలి. పాత బేసిన్ తీసి, వెనక గోడకు ఉబ్బిన గారను కొడుతుంటే సుత్తి చప్పుడు మారింది. గార రాలితే లోపల ఇటుకల వరస వేరుగా ఉంది. అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు. వెనక సందులోకి వెళ్లి చూస్తే అటువైపు తుప్పు పట్టిన ఇనుప బందు ఒకటి గోడకు ఇంకా వేలాడుతోంది. చిన్నప్పుడు అక్కడ కోతికొమ్మచ్చి ఆడినోళ్లం. దాన్ని ఎప్పుడూ ఏమిటని అడగలేదు.

"పాకీదొడ్డి తలుపు సార్ ఇది" అన్నాడు మేస్త్రి. "లోపల మీవాళ్లు, బైట మావాళ్లు."

తర్వాత ఆయనేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. టీ తాగాం.

మన భాష ఈ గది దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. మరుగు, దొడ్డి, బయటికి పోవడం, చెంబు పట్టుకోవడం. అన్నీ పక్కకు చూస్తూ చెప్పే మాటలే. హంపికి వెళితే గైడు రాణి స్నానశాల చూపిస్తాడు, దాని వసారాలు చూపిస్తాడు. జలకాలకు చరిత్ర ఉంది. ఈ రెండో గదికి లేదు, ఉన్నా అది గోడకు అటువైపు ఉంది.

ఇంజనీరును కాబట్టి నాకు మొదట వచ్చిన ప్రశ్న వేరు. నీళ్ల మూతతో దుర్వాసనను ఆపే వంపు గొట్టానికి అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు లండన్‌లో పేటెంట్ తీసుకున్నది 1775లో. మీ కమోడ్ వెనక ఈరోజుకీ పనిచేస్తున్నది ఆ వంపే. 183 ఏళ్ల తర్వాత కట్టిన మా ఇంట్లో అదెందుకు లేదు? తాత చదువుకున్నవాడు, పిసినారి కూడా కాదు. నీళ్లు లేవని సర్దిచెప్పుకోవచ్చు. చిత్రావతి పక్కనే ఉన్నా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. బావిలోంచి తోడిన నీళ్లు బకెట్లకు బకెట్లు దొడ్లో పోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇది నిజమే. కానీ నీళ్లు ఎప్పుడూ ఉన్న ఊళ్లలోనూ ఈ తలుపులు ఉండేవి. ఒక మనిషి నెలకు రెండు రూపాయలకు దొరుకుతున్నంత కాలం గొట్టం కొనాల్సిన అవసరం ఎవరికీ కనపడదు.

రెండు రూపాయల లెక్క నా ఊహ కాదు. అటక మీద తాత చిట్టా పుస్తకాలు ఉన్నాయి. 1961 పుస్తకంలో పాలాయన పేరు ఉంది. చాకలాయన పేరు ఉంది, అరకొర బాకీతో సహా. కిటికీ చెక్క కోసిన వడ్రంగి పేరు, ఊరు. ప్రతి నెలా చివర మాత్రం "దొడ్డి మనిషికి 2-00". పన్నెండు నెలలూ అంతే. అమ్మను అడిగాను. "ఒకామె వస్తాండె. తట్ట నెత్తిన పెట్టుకోని. పండగప్పుడు మీ అవ్వ గోడ మీద నుంచి అన్నం పెడ్తాండె." పేరు? అమ్మ చాలాసేపు ఆలోచించింది. కాపురానికొచ్చి పదేళ్లు రోజూ చూసిన మనిషి.

ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో రాసిన 'అన్‌టచబుల్' చివర్లో ఒక కవి, నీళ్లతో శుభ్రమయ్యే యంత్రం వస్తే ఈ పని పోతుంది, పనితో పాటు కులం ముద్రా పోతుంది అన్నట్టు మాట్లాడతాడు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకు ఆ పేజీ తెగ నచ్చింది. ఇప్పుడు అంత నమ్మకం లేదు. మా ఊరికి దక్షిణాన కోలార్ బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఆసియాలోనే తొలినాటి విద్యుత్ లైన్లలో అదొకటి. అదే టౌన్‌షిప్‌లో, తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ పుట్టేనాటికి కూడా పాకీదొడ్లు చేతులతోనే శుభ్రమవుతున్నాయి. కరెంటు తెచ్చిన తెలివికి గొట్టం తేవడం కష్టమా? విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ వెంటపడితే గానీ ప్రభుత్వాలు ఆ దొడ్లు ఉన్నాయని ఒప్పుకోలేదు. పాకీదొడ్లను నిషేధించే చట్టం 1993లో వచ్చింది. దాన్ని చేయమని పార్లమెంటును కోరిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలులోకి వచ్చింది 1997 జనవరి 26న. 2013లో ఇంకో చట్టం. 2014లో సుప్రీంకోర్టు మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇమ్మంది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అంటే అప్పటికీ చనిపోతూనే ఉన్నారు.

మా ఇంట్లో తలుపు మూసింది చట్టం కాదు. 1979లో నాన్న పెళ్లి కుదిరాక, వచ్చే కోడలు పట్నం పిల్ల అని సెప్టిక్ ట్యాంకు కట్టించారట. కానీ పని వెంటనే కాలేదు, ట్యాంకు గొట్టాలు కలిసి వాడకంలోకి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అందుకే అమ్మకు ఆమె గుర్తుంది.

సెప్టిక్ ట్యాంకు నిండితే? ఈ ప్రశ్న నా నలభై వేల లెక్కలో లేదు. ట్యాంకు పెరట్లో ఉంది, ఇంటి ముందు నుంచి బండి పైపు రాదు. ఇన్నాళ్లూ మనుషులు గోడ దూకి వచ్చి, మూత తీసి, వంగి పైపు దించేవాళ్లు. ఆ మూత దగ్గర గ్యాస్ ఎట్లాంటిదో చదివినవాడికి నిద్ర పట్టదు. మేస్త్రే ఉపాయం చెప్పాడు. ట్యాంకులోకి నాలుగంగుళాల పీవీసీ పైపు శాశ్వతంగా దించి, నేల కింద నుంచి ఆ పాత తలుపు సందులోంచి బయటికి తీసి, మూత బిగించడం. బండివాళ్లు సందులోనే నిలబడి తమ పైపు తగిలించుకుంటారు, ఎవరూ మూత మీద వంగక్కర్లేదు. పైపుకూ మోచేతులకూ కలిపి పందొమ్మిది వందలు. అద్దం, టవల్ స్టాండ్ మానుకున్నాం.

తలుపు మిగతా భాగాన్ని పూడ్చమంటారా అని మేస్త్రి అడిగాడు. బందు తీయకుండా పూడ్చమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

నేను బయల్దేరే రోజు ఉదయం బండి వచ్చింది. పాతికేళ్ల కుర్రాడు, చేతులకు గ్లౌజులు లేవు. నా బైకు గ్లౌజులు ఇస్తే కాసేపు పట్టుకుని చూసి, "పాడైపోతాయి అన్నా" అని వెనక్కి ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాను, వేసుకున్నాడు. అరగంట పని. పేరు అడిగితే చెప్పాడు. డబ్బులిచ్చాక ఇచ్చిన రసీదు మీద బండి నంబరు, తేదీ, మొత్తం ఉన్నాయి. పేరుకు గడి లేదు. వెనకవైపు పెన్నుతో రాసి, తాత చిట్టాలో పెట్టాను.