నలుగు, నలంగు: కోయంబత్తూరు, మధుర తెలుగు ఇళ్ళలో ఒక స్నానపు పిండి చరిత్ర

దక్షిణాంధ్ర యుగం అనగానే మన విద్యార్థులు మధుర కొలువులో పుట్టిన గ్రంథాల పేర్లు చెబుతారు. విజయరంగ చొక్కనాథుని శ్రీరంగ మాహాత్మ్యం, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని జైమిని భారతం, శేషము వేంకటపతి తారాశశాంక విజయం పరీక్షకు తప్పనివి. 1736లో ఆ కొలువు ముగిసింది. కవులకు అన్నం పెట్టే చెయ్యి లేకపోయింది. అయితే ఆ కొలువుకు ముందూ, దానితోనూ ఈ నేలకు వచ్చి స్థిరపడిన కుటుంబాల ఇళ్ళలో తెలుగు అంతటితో పోలేదు. అది ఏయే మూలల్లో నిలిచిందని వెతికితే మొదట తగిలేది వంటిల్లు, ఆ తర్వాత స్నానాల గది. వంటింటి మాటల మీద ఇదివరకే కొంత పని జరిగింది. రెండో చోటును ఎవరూ అంతగా పట్టించుకోలేదని మాకు తోచి, ఈ వ్యాసంలో దానినే ఎత్తుకున్నాము. విషయం చిన్నదే. ఒంటికి రుద్దుకునే పిండి.

ఆ పిండికి తెలుగుదేశంలో రెండు పేర్లున్నాయి. ఒకటి సున్నిపిండి, రెండోది నలుగు. సున్ని అనేది చూర్ణ శబ్దం నుంచి దిగివచ్చిన మాటగా కనిపిస్తుంది. నలుగు అచ్చతెలుగు. నలగటం, నలపటం, నలచటం అన్న క్రియలన్నీ దాని చుట్టాలే. వేళ్ళ మధ్య రాసి మెత్తన చేసే పని ఏదయినా ఆ కుటుంబంలోనిదే. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట ఒంటికి రుద్దుకునే పిండి అన్న అర్థంతోనే ఉంది. వినాయక చవితి కథలో పార్వతి బొమ్మను చేసింది ఈ నలుగుపిండితోనే. ఒంటి నుంచి రాలిన పిండి ముద్దకు ప్రాణం పోయటం అనే ఊహ రోజూ నలుగు పెట్టుకునే ఇళ్ళ వాళ్ళకే వస్తుంది. సబ్బు వాడే వాళ్ళకు రాదు!

తమిళంలో దీనికి దగ్గరి మాట నలంగు, లేదా నలుంగు. పెళ్ళిలో వధూవరులను ఎదురెదురుగా కూర్చోబెట్టి కొబ్బరికాయ దొర్లించటం, తల మీద అప్పడాలు పగలగొట్టటం, ఒకరిపై ఒకరు పాటలు పాడుకోవటం నలంగు. తమిళ బ్రాహ్మణుల ఇళ్ళలో అది చాలావరకు వినోదమై మిగిలింది. పిండి పాత్ర నామమాత్రం. తెలుగు ఇళ్ళలో మాత్రం పేరులో ఉన్న పని చేతిలో కూడా మిగిలింది. పెళ్ళికి ముందు పిల్లను పీట మీద కూర్చోబెట్టి నువ్వుల నూనె అంటి, ఐదుగురు ముత్తయిదువలు పిండి రాస్తారు. అన్నమయ్య (1408–1503) కీర్తనలలో నలుగు పాటలున్నాయి. తిరుమల శుక్రవారపు అభిషేకాన్ని వర్ణించిన కీర్తనలో కర్పూరం, పునుగు వరసగా వస్తాయి. దేవునికి జరిగేది ఇంటి పెళ్ళికూతురికీ జరుగుతుందన్నది ఆ పాటల లెక్క.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పిండిని నాయకరాజుల రాణులు హంపీ నుంచి తెచ్చి తమిళులకు నేర్పారని మన వాళ్ళు కొందరు గర్వంగా అంటూ ఉంటారు. దానికి ఆధారం లేదు. శిలప్పదికారంలో మాధవి పది వగరు ద్రవ్యాలు, ఐదు పరిమళ ద్రవ్యాలు, ముప్పైరెండు మూలికలు ఊరిన నీటిలో తల కడుగుతుంది. తెలుగు దండులు దక్షిణానికి కదలటానికి వందల ఏళ్ళ ముందటి మాట అది. కన్నడదేశంలో చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో స్నానభోగానికి ఒక ప్రకరణమే ఉంది. తలంటు దక్షిణాది వాళ్ళందరి ఉమ్మడి ఆస్తి. మనం తెచ్చింది ఆ పేరూ, ఆ పాటలూ అయి ఉండవచ్చు.

ఎవరు తెచ్చారన్నది కొంచెం చూద్దాం. 14వ శతాబ్దంలో కుమార కంపన మధురను గెలిచిన తర్వాత, మరింతగా 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు రాజ్యం స్థిరపరచిన తర్వాత, వడుగులనే పేరుతో మన వాళ్ళు ఇక్కడ నిలిచిపోయారు. వడుగపట్టి, వడుగపాళయం అన్న ఊరి పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. బలిజలు, కమ్మవారు, రాజకంబళం నాయకులు, రెడ్లు, సాలెవారు, దేవాంగులలో తెలుగు మాట్లాడేవారు, ఒడ్డెలు, అరుంధతీయులు, ఇలా ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. కమ్మవారు ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన కథను కి. రాజనారాయణన్ (1923–2021) తమిళంలో గోపల్ల గ్రామం నవలగా రాశారు. రాసింది తమిళంలో. ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఆ ఒక్క సంగతి మన స్థితినంతా చెబుతుంది.

ఇక అసలు విషయం. కోయంబత్తూరు పీళమేడు వైపునా, మధుర చుట్టుపక్కలా కొన్ని ఇళ్ళలో నలుగులో ఏమేమి వేస్తారో అడిగి రాసుకున్నాము. జాబితాలు ముందు పెట్టుకుని చూస్తే ఒక వింత కనిపించింది. పెసలు, శనగపప్పు, బియ్యం, మెంతులు, పసుపు, నూనె, ఇవన్నీ తెలుగు మాటలే. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా భాష మారిపోతుంది. కచోరాలు అనరు, పూలాంకిళంగు అంటారు. తుంగముస్తలు అనరు, కోరైక్కిళంగు అంటారు. బావంచాలు కార్పోగరిసి అయ్యాయి. వస వసంబు అయింది. గీత ఎక్కడ పడిందని ఆలోచిస్తే జవాబు సులువుగానే దొరికింది. ఇంటి కుండలో ఉండేవి తెలుగు, నాట్టు మరుందు కడైలో కొనేవి తమిళం. అంగడి వాడికి ఏ పేరు చెబితే పొట్లం కడతాడో ఆ పేరే ఇంటికి వస్తుంది. మూలికల పేర్లు పోయినంత మాత్రాన భాష పోయిందని బాధపడే ముందు ఈ సంగతి గమనించాలి.

ఈ సూత్రానికి లొంగనిది ఒకటి ఉంది. తంగేడు. అది అంగట్లో కొనేది కాదు. బీడులో, దారి పక్కన ఊరికే పూస్తుంది. ఎండబెట్టిన ఆ పువ్వు లేనిదే కోయంబత్తూరు వైపు నలుగు లేదు. అయినా ఆ ఇళ్ళలో తంగేడు అన్న మాట మాకు వినపడలేదు, ఆవారంపువ్వు అంటారు. తెలంగాణలో బతుకమ్మను పేర్చే పువ్వు, 2014 నుంచి ఆ రాష్ట్రపు పువ్వు, ఇక్కడ పేరు ఎందుకు పోగొట్టుకుంది? కొంగునాడులో సంక్రాంతికి ముందు రోజు ఆవారంపువ్వు, వేపాకు, పూళైపువ్వు కలిపి ఇంటి చూరుకు కాప్పు కడతారు. తెలుగు ఇళ్ళూ కడతాయి. పండుగ పొరుగువారిది కాబట్టి పువ్వు పేరూ పొరుగువారిదే అయిందని మా ఊహ. ఇంతకన్న మంచి కారణం ఎవరికైనా తోస్తే సంతోషిస్తాము.

తల రుద్దుకునేదాంట్లో మార్పు ఇంకా పెద్దది. ఆంధ్రదేశంలో తలంటు అంటే కుంకుడుకాయ, శీకాయ. కొంగునాడులో అరప్పు. ఉసిలై చెట్టు ఆకును ఎండబెట్టి కొట్టిన పచ్చని పొడి అది. నీళ్ళలో కలిపితే నురుగు వస్తుంది, నూనెను విడిపిస్తుంది, చల్లదనం ఇస్తుందని అంటారు. మధురకు పడమట ఉన్న ఉసిలంపట్టికి ఆ చెట్టు వల్లనే పేరు వచ్చిందని చెబుతారు. పప్పు తినటానికే చాలని ఇళ్ళలో పెసరపిండి ఒంటికి రాసుకోవటం పెళ్ళికీ, పిల్ల పెద్దమనిషి అయినప్పుడూ మాత్రమే. మిగతా రోజుల్లో చెట్టు ఆకే. నలుగు చరిత్ర రాసేటప్పుడు భూమి ఉన్న కులాల ఇళ్ళకే వెళ్ళి వచ్చేస్తే సగమే తెలుస్తుంది. ఈ ప్రాంతంలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవారిలో అరుంధతీయులు చాలామంది. మా పనిలోనూ వారి ఇళ్ళు తక్కువయ్యాయి. ఆ లోపం మాదే.

చేసే పద్ధతి అడిగిన విద్యార్థులు ఉన్నారు కనుక ఒక ఇంటి కొలతను గ్రాములలోకి మార్చి చెబుతున్నాము. అరకిలో పెసలు, 100 గ్రాముల శనగపప్పు, 50 గ్రాముల బియ్యం రెండు రోజులు ఎండలో పెట్టాలి. గుప్పెడు తంగేడు పువ్వు, గుప్పెడు గులాబి రేకులు, కొద్దిగా వట్టివేరు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పరిమళం పోతుంది. 25 గ్రాముల కస్తూరి పసుపు చేర్చి అన్నీ కలిపి పట్టించి జల్లించాలి. ఒంటికయితే బియ్యపు రవ్వ కాస్త తగిలేలా, ముఖానికయితే సన్నగుడ్డలో జల్లించి వాడతారు. తడి తగలని సీసాలో మూడు నెలలు నిలుస్తుంది. వాడేటప్పుడే నీళ్ళతోనో మజ్జిగతోనో తడపాలి. తడిపి దాచితే పులుస్తుంది.

ఇది పని చేసే తీరు సబ్బు తీరు కాదు. ముందు నూనె పట్టిస్తారు. పిండి ఆ నూనెను, దానితోపాటు మురికిని పీల్చుకుని ఉండలై రాలుతుంది. సబ్బులోని క్షారం చర్మపు సహజమైన కొద్దిపాటి ఆమ్లతను తగ్గిస్తుంది, పిండిలో అంతటి క్షారం లేదు. నూనె లేకుండా ఒట్టి పిండిని గట్టిగా రుద్దితే మాత్రం చర్మం గీచుకుపోతుంది. ఇప్పటి వాళ్ళు చేసే పొరపాటు అదే.

కస్తూరి పసుపు విషయంలో ఇంకొక పొరపాటు ఉంది. అసలు కస్తూరి పసుపు పొడి లేత మీగడ రంగులో ఉంటుంది, కర్పూరం లాంటి వాసన వేస్తుంది, ఒంటికి పచ్చదనం అంటదు. అంగట్లో ఆ పేరుతో వేరే దుంపలు కూడా అమ్ముతారు. మంచి పచ్చగా ఉందని మురిసి కొంటే అది కూర పసుపే అయి ఉండవచ్చు. పక్కనే ఈరోడు పసుపు సంత ఉంది కాబట్టి కోయంబత్తూరు అవ్వలను ఈ విషయంలో మోసగించటం కష్టం. మనవరాళ్ళను సులువు. బావంచాల గురించీ చెప్పాలి. వాటిలోని సొరాలెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాల్చగలదు. పసిపిల్లల పిండిలో అవి వేయకపోవటమే మేలు. పిల్లల ముక్కు దగ్గర పొడిపిండి ఎగరనీయకూడదు.

సబ్బు ఎప్పుడు వచ్చిందన్నది లెక్కలకు అందే చరిత్ర. లైఫ్‌బాయ్ 1895లో, లక్స్ 1929లో ఈ దేశానికి వచ్చాయి. మైసూరు ప్రభుత్వం 1916లో గంధపు సబ్బు కార్ఖానా మొదలుపెట్టింది. ఆ సరికే కోయంబత్తూరులో నూలు మిల్లులు పుట్టాయి. 1932లో పైకారా విద్యుత్తు వచ్చాక అవి బాగా పెరిగాయి. మిల్లులు పెట్టిన వారిలో తెలుగువారు ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు. ఆ విద్యుత్తే పిండిమరలనూ తెచ్చింది. తిరగలి మూలపడింది. తిరగలి తిప్పుతూ పాడే పాటలు ఆగిపోయాయి. మరకు ఇంకో ఇబ్బంది ఉంది. నలుగు పట్టిన మరలో తర్వాత వచ్చిన వారి పిండికి వట్టివేరు వాసన అంటుతుంది. అందుకే చాలాచోట్ల శీకాయ, అరప్పు పట్టే మర వేరే ఉంటుంది. అక్కడికి రోజూ వెళ్ళలేరు. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దీపావళికీ. నలుగు రోజువారీ పని నుంచి పండుగ పని అయింది సబ్బు వల్ల మాత్రమే కాదని మేము అనుకుంటున్నాము.

బడిలో తెలుగు లేకపోవటానికి 2006 నాటి తమిళ బోధన చట్టాన్ని తప్పుపట్టే వారున్నారు. సరిహద్దు జిల్లాల సంగతి వేరు. మధుర, కోయంబత్తూరు ఇళ్ళను తెలుగు అక్షరం అంతకు ఎన్నో తరాల ముందే విడిచింది. ఆ నింద చట్టం మీద వేయటం న్యాయం కాదు. మాట్లాడతారు, చదవలేరు. నలుగు పాటలు తెలిసిన అవ్వలలో వాటిని రాసుకున్నవారు కొద్దిమంది. రాసుకున్నదీ తమిళ లిపిలోనే.

మాతో వచ్చిన ఒక విద్యార్థిని తన అవ్వ చెబుతుండగా పాళ్ళు రాసుకుంది. "ఎంత వేయాల అవ్వా?" అని అడిగితే ఆవిడ, "కొలత యేముండాది పాపా, చేతికి తెలుసు" అన్నది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. అవ్వ పెసలు తీసిన ఆళాక్కును నీళ్ళతో నింపి, ఆ నీళ్ళను మందు సీసా గీతలకు కొలిచి అంకె వేసింది. పప్పు, బియ్యం పిడికిళ్ళు లెక్కపెట్టింది. కాగితం మాకు చూపింది. తలకట్టు నలంగు మావు అని తమిళంలో ఉంది. కింద పెసలు, శనగపప్పు, బియ్యం, పసుపు తమిళ అక్షరాలలో తెలుగు మాటలు. తలకట్టు కూడా నలుగు అని రాయవచ్చు కదా అన్నాము. కొట్టివేసి, పైన నలుగు అని తెలుగు లిపిలో రాయబోయి, గు దగ్గర ఆగి, కొమ్ము ఏ వైపు తిరుగుతుందని అడిగింది.