ది జనరల్ (కవిత)

"ది జనరల్" ఆంగ్లకవి సీగ్‌ఫ్రైడ్ ససూన్ (1886 - 1967) వ్రాసిన ఏడు పాదముల వ్యంగ్య కవిత. మొదటి ప్రపంచ యుద్ధంలో పదాతిదళ అధికారిగా పనిచేసిన ససూన్, 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని అరాస్ యుద్ధంలో గాయపడి ఇంగ్లండుకు చేరిన పిదప దీనిని రచించాడు. ఇది 1918లో వెలువడిన "కౌంటర్-అటాక్" సంపుటిలో ఉన్నది.

ఇతివృత్తం

యుద్ధరంగానికి పోవుచున్న సైనికులను జనరల్ నవ్వుతూ పలకరిస్తాడు. వారం తిరిగేసరికి వారిలో అధికులు మరణిస్తారు. హ్యారీ, జాక్ అను ఇద్దరు సైనికులు ఆయనను సరదా మనిషిగా మెచ్చుకొంటారు. ఆయన దాడి పథకమే వారిద్దరినీ బలిగొంటుంది.

ఛందస్సు

తెలుగు పద్యానికి గురులఘువులు ఆధారం కాగా, ఆంగ్ల పద్యానికి ఉచ్చారణలోని ఊనిక ఆధారం. ఊనిక లేని రెండు అక్షరాల తరువాత ఊనిక గల అక్షరం వచ్చిన గణాన్ని అనపెస్ట్ అంటారు. ఊనికను గురువుగా భావించినచో ఇది మన సగణమే. ఈ కవితలో పాదానికి నాలుగు అనపెస్టులు, అనగా తోటక వృత్తపు నడక. తోటకాష్టకం విన్నవారికి ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. అయితే తోటకం స్తోత్రానికి ఒదిగినది. ఆంగ్లంలో ఈ గణం ఎక్కువగా లిమరిక్కులకు, హాస్యగేయాలకు అలవాటైనది. చావు గురించిన కవితకు ససూన్ కావాలనే ఈ గంతుల నడకను ఎన్నుకొన్నాడని చెప్పవచ్చును.

మొదటి పాదం ఆరంభంలో ఒక లఘువు లోపించి 11 అక్షరాలు, మిగిలిన ఆరు పాదాలలో 12 అక్షరాల చొప్పున ఉన్నవి. ఐదవ పాదం మధ్యలో లఘువు ఉండవలసిన చోట "గొణిగాడు" అను అర్థం గల క్రియ బరువుగా పడి, నడక క్షణకాలం తడబడుతుంది. బరువు మోయుచున్న సైనికుని గొంతుకు అది తగినదే.

ప్రాస

తెలుగులో వలె రెండవ అక్షరానికి గాక, ఇందులో ప్రాస పాదాంతానికి చెందినది. దాని క్రమం క-ఖ-క-ఖ-గ-గ-గ. జనరల్ "అన్నాడు" అనే మాటతో మొదటి పాదం ముగియగా, మూడవ పాదం "చచ్చినవారు" అనే మాటతో దానికి ప్రాస కలుపుతుంది. పలకరింపునకు జవాబు ప్రాసలోనే వచ్చినది.

నాలుగు పాదాల తరువాత ఒక ద్విపద వచ్చుటతో ఆరవ పాదం వద్ద పద్యం పూర్తియైనట్లు తోచును. కవి అక్కడ కొంత ఖాళీ విడిచి, అదే ప్రాసతో ఏడవ పాదాన్ని చేర్చాడు. సైనికుని పేరు, అతని వీపు మీది మూట, జనరల్ దాడి - ఈ మూడు ప్రాసపదాలు వరుసగా ఒకే ధ్వనితో ముగుస్తాయి. చంపుటకు వాడిన మాట కూడా సైనికుల యాసలోనిదే. ఇద్దరి మరణం చెప్పు ఈ పాదంలో నాలుగు గణాలూ ఎక్కడా తొట్రుపడవు.