ఇంటి వెచ్చదనానికి బిల్లు ఎవరి పేర?

1662లో ఇంగ్లండ్ పార్లమెంటు పొయ్యిల మీద పన్ను వేసింది. ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే ఒక్కోదానికి ఏడాదికి రెండు షిల్లింగులు. మార్చిలో సగం, సెప్టెంబరులో సగం. అప్పుడే పరాయి దేశాల నుంచి తిరిగొచ్చి గద్దెనెక్కిన రెండో చార్లెస్ ఖజానా ఖాళీగా ఉంది. తలపన్ను వేద్దామంటే మనుషులు ఊళ్లు మారుతుంటారు, పొయ్యి మాత్రం కదలదు కదా అని విలియం పెట్టీ అనే ఆర్థికవేత్త ఈ పన్నును సమర్థించాడు కూడా. కాగితం మీద బాగానే ఉంది. కానీ పొయ్యిలు లెక్కపెట్టాలంటే పన్ను మనిషి తలుపు తట్టాలి, పడకగది దాకా వెళ్లాలి. జనానికి ఒళ్లు మండింది అక్కడే. కొందరు పొయ్యి నోటికి ఇటుకలు పేర్చి మూసేశారు. 1689లో విలియం, మేరీ దంపతులు రాజ్యానికి రాగానే చేసిన మొదటి పనుల్లో ఆ పన్ను రద్దు ఒకటి.

చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం బ్రిటన్‌లో ఏనాడూ ఇంటి యజమాని సొంత గొడవగా మిగల్లేదు. ఆ మూడున్నర శతాబ్దాల కథలో ఎక్కడ ఆగి చూసినా, మంట ఒకరి గదిలో ఉంటుంది, ఖర్చు ఇంకొకరి నెత్తిన పడుతుంది.

ఆ ఖర్చు అందరికంటే ఘోరంగా పడింది పిల్లల మీద. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్ ఇటుకలతో లేచి నిలబడింది, కట్టెల స్థానంలోకి అప్పటికే బొగ్గు వచ్చింది. బొగ్గు మంట బాగా లాగాలంటే పొగగొట్టం సన్నగా ఉండాలి. తొమ్మిది అంగుళాలకు పద్నాలుగు అంగుళాలన్నది మామూలు కొలత. తొమ్మిదికి తొమ్మిదివీ ఉండేవి. మసి పేరుకుంటే గొట్టం అంటుకుంటుంది కాబట్టి తుడవక తప్పదు. అంత సందులో పెద్దవాళ్లు పట్టరు. అనాథ శరణాలయాల నుంచి, నిరుపేద తల్లిదండ్రుల నుంచి తెచ్చుకున్న ఆరేడేళ్ల పిల్లల్ని ఎక్కించేవారు. ఒక చెయ్యి పైకి చాచి, రెండోది ఒంటికి ఆనించి, మోకాళ్లూ మోచేతులూ గోడకు తన్నిపట్టి, గొంగళిపురుగులా పాకుతూ ఎక్కాలి. చర్మం ఒరుసుకుపోతే యజమాని ఆ కుర్రాణ్ని నిప్పు దగ్గర నిలబెట్టి పుళ్ల మీద ఉప్పునీళ్లు రుద్దేవాడు, చర్మం కాయలు కాసి గట్టిపడాలని. రాలిన మసి కూడా వృథా కాదు, రైతులు ఎరువుగా కొనుక్కునేవారు.

1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్, పొగగొట్టాలు తుడిచేవాళ్ల వృషణాల తిత్తికి వచ్చే క్యాన్సర్‌కు ఈ మసే కారణమని రాశాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యశాస్త్రం గుర్తించడం అదే మొదలు. 1788లో ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని చట్టం వచ్చింది. 1803 నాటికి జార్జ్ స్మార్ట్ అనే ఆయన పిల్లలతో పనిలేని బ్రష్షు యంత్రం తయారు చేశాడు. అయినా ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. యంత్రమైతే వంకర గొట్టాల్లో సరిగ్గా తిరగదన్నారు, తివాచీలు పాడవుతాయన్నారు. 21 ఏళ్లలోపు ఎవరూ ఎక్కరాదన్న 1840 చట్టాన్నీ ఎవరూ ఖాతరు చేయలేదు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ మానసిక చికిత్సాలయం పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ల పిల్లవాడు ఇరుక్కున్నాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, కాసేపటికే చనిపోయాడు. పనిలో పెట్టుకున్నవాడికి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. పార్లమెంటులో షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి అదే ఏడాది తెప్పించిన లైసెన్సుల చట్టంతో ఆ ఆచారం ఆగింది. బ్రష్షు వచ్చిన డెబ్బై రెండేళ్లకు!

గొట్టం శుభ్రమైంది. పొగ మాత్రం అలాగే ఉంది. చలిమంట మీద ఇంగ్లిషువాళ్లకున్న మోజు అంతా ఇంతా కాదు. గదిలో ఎర్రటి నిప్పు కనబడాల్సిందే. నిజానికి ఆ నిప్పు వేడిలో ముప్పాతిక భాగం గొట్టం గుండా ఆకాశానికే పోతుంది. ముందు భాగం మాడుతుంటే వీపు వణుకుతూనే ఉంటుంది.

1952 డిసెంబరు 5న లండన్ మీద గాలి కదలకుండా నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడేళ్లయినా ఇళ్లకు బొగ్గు ఇంకా రేషనే. మేలు రకం ఎగుమతికి పోతే, జనానికి రేషన్ లేకుండా దొరికింది నటీ స్లాక్ అనే నాసిరకం నుసిబొగ్గు. చలికి అందరూ దాన్నే రాజేశారు. ఐదు రోజులపాటు పగలే చీకటి. సాడ్లర్స్ వెల్స్ థియేటర్‌లోకి పొగమంచు దూరి ఒపేరా ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. సుమారు నాలుగు వేల మంది చనిపోయారని అప్పటి లెక్క. తర్వాతి పరిశోధకులు దాన్ని పన్నెండు వేల వరకు తీసుకెళ్లారు. కరెంటు ఉత్పత్తి కేంద్రాలూ ఫ్యాక్టరీలూ ఉన్నాయి నిజమే. కానీ ఇళ్ల పొగ పొట్టి గొట్టాల్లోంచి నేల మట్టానికి దగ్గరగా, మనిషి ఊపిరికి అందేంత ఎత్తులోనే వెలువడుతుంది. తిలాపాపం తలా పిడికెడు.

ప్రభుత్వం మొదట నసిగింది. చివరికి సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన సంఘం వేసింది. గిన్నిస్ రికార్డుల పుస్తకం ఆలోచన కూడా ఈయనదే. ఆయన నివేదిక ఆధారంగా 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. పొగ నిషేధించిన ప్రాంతాల్లో మామూలు బొగ్గు కాల్చకూడదు. నా దృష్టిలో ఆ చట్టంలో అసలు తెలివైన భాగం నిషేధం కాదు, డబ్బుల లెక్క. పాత పొయ్యి మార్చుకోవడానికి అయిన ఖర్చులో పదింట ఏడు వంతులు ఇంటివాళ్లకు తిరిగిచ్చారు. అందులో నాలుగు ఖజానావి, మూడు స్థానిక కౌన్సిలువి. పన్ను మనిషిని బయట నిలబెట్టినవాళ్ల మునిమనవలు కౌన్సిలు ఇన్‌స్పెక్టరుకు తలుపు తీశారు. జరగనిచోట ఎందుకు జరగలేదో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఉత్తరాదిన గని కార్మికులకు బొగ్గు కూలిలో భాగంగా ఇంటికే వచ్చేది. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోమంటే ఎవరు వింటారు? అక్కడ పొగ నిషేధం చాలా నెమ్మదిగా సాగింది.

ఆ రోజుల్లోనే మనవాళ్లూ అక్కడికి చేరడం మొదలైంది. ఆంధ్ర ప్రాంతం నుంచి ఆసుపత్రి ఉద్యోగాలకు వెళ్లిన డాక్టర్లకు అద్దెగదిలో ఎదురైంది చిల్లర మింగే గ్యాస్ మీటరు. షిల్లింగు వేస్తే హీటరు వెలుగుతుంది, అయిపోగానే ఆరిపోతుంది. ఆ గ్యాస్‌ను బొగ్గు నుంచే తీసేవారు, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండేది.

1965లో సీ జెమ్ అనే రిగ్గు ఉత్తర సముద్రంలో సహజవాయువు కనుక్కుంది. అదే ఏడాది డిసెంబరు 27న రిగ్గు కూలి 13 మంది ప్రాణాలు పోయాయి. కొత్త గ్యాస్ వేడి పాతదానికి దాదాపు రెట్టింపు, మంట లక్షణమూ వేరు. అంటే దేశంలో ప్రతి బర్నరూ మార్చాలి. 1967 నుంచి 1977 దాకా అదే చేశారు. సుమారు కోటీ ముప్పై లక్షల వినియోగదారులు, దాదాపు నాలుగు కోట్ల పొయ్యిలు, హీటర్లు, గీజర్లు. పేట పేటనూ పంచుకుని, ముందుగా చీటీ పంపి, సరఫరా ఆపి, వ్యాన్లలో మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. ఇంటివాళ్ల దగ్గర మార్పిడికి పైసా తీసుకోలేదు. అప్పటికి గ్యాస్ సంస్థలు ప్రభుత్వానివి కాబట్టి ఆ భారం సంస్థ ఖాతాలోకి, అక్కణ్నుంచి అందరి బిల్లుల్లోకి మెల్లగా పోయింది. బాయిలర్ కాచిన నీళ్లు గదుల్లోని రేడియేటర్లలో తిరిగే సెంట్రల్ హీటింగ్ 1970లో సుమారు మూడో వంతు ఇళ్లకే ఉండేది. ఇప్పుడు లేని ఇల్లు అరుదు.

ఈ సౌకర్యంతో పాటు చాకిరీ కూడా వచ్చింది. లండన్, రెడింగ్, స్లావ్‌లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి చలికాలంలోనే బాయిలర్ పాఠాలు మొదలవుతాయి. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ ముల్లు ఒకటి నుంచి ఒకటిన్నర బార్ మధ్య ఉండాలి. రేడియేటర్ పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. హీటింగ్ ఆపి, చిన్న తాళంచెవితో మూలనున్న బిరడా కొంచెం తిప్పితే బుస్సుమని గాలి పోతుంది, నీటిబొట్టు రాగానే బిగించాలి. కిందిభాగం చల్లగా ఉందంటే తుప్పు మడ్డి చేరిందని. దానికి సొంత వైద్యం పనికిరాదు. 2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో పెడుతున్న కండెన్సింగ్ బాయిలర్లలో తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే పొదుపు. చాలా ఇళ్లలో నీటి వేడిని 75, 80 దగ్గర పెట్టి వదిలేస్తారు, ఆదా అంతా గాలికి పోతుంది. గ్యాస్ భాగం మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మనిషే ముట్టుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇల్లు ఉండకూడదు.

బిల్లు విషయానికొస్తే, 2022 అక్టోబరులో ధరల గరిష్ఠ పరిమితి ప్రకారం సగటు ఇంటి ఏడాది కరెంటు, గ్యాస్ బిల్లు 3,549 పౌండ్లకు చేరబోతుంటే, ప్రభుత్వం తాను భరించి 2,500 దగ్గర ఆపింది. ఇక బాయిలర్ తీసేసి, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంప్ పెట్టుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లో గ్రాంటు 2022లో 5,000 పౌండ్లు, 2023 అక్టోబరు నుంచి 7,500. ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఆ పంపు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. కానీ కరెంటు యూనిట్ ధర గ్యాస్‌కు దాదాపు నాలుగింతలు కావడంతో నెలవారీ ఆదా అందరికీ కనబడదు. పైగా పైకప్పులో, గోడల్లో చలి ఆపే పొర లేని పాత ఇళ్లలో ముందు ఆ పని చేయించాలి, కొన్ని రేడియేటర్లు పెద్దవి వేయాలి. 1967లో వ్యాన్ దిగిన మనిషి బర్నరు మార్చి వెళ్లిపోయాడు. ఈసారి ఇంటినే సరిచేయాలి, అందుకే గ్రాంటు చూపించినా జనం వెనకాడుతున్నారు. ఇంకో చిక్కు వేడినీళ్ల ట్యాంకు. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే కాంబీ బాయిలర్లు వచ్చాక దాన్ని పీకేసి, అది ఉన్న అలమరను ఖాళీ చేసుకున్నారు. హీట్ పంప్‌కు ఆ ట్యాంకు మళ్లీ కావాలి. తెలుగువాళ్ల ఇళ్లలో ఆ అలమర నిండా ఇప్పుడు సోనామసూరి బస్తాలు, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ డబ్బాలు. వాటికి వేరే చోటు చూపించనిదే ఇంటావిడ సంతకం పెట్టేలా లేదు.