నాపా కొండల మీద ద్రాక్ష, కింద నీళ్ళు

బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి నాపా అంటే ఇండియా నుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించే చోటు. రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఓ పాతిక ఫొటోలు, చీకటి పడేసరికి ఇల్లు. శాంటా క్లారా లోయలో పళ్ళతోటలన్నీ ఆఫీసులూ అపార్టుమెంట్లూ అయి సిలికాన్ వేలీగా మారిపోతే, ఇక్కడ మాత్రం తోటలు ఎలా మిగిలాయి?

జవాబు 1968లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్లో నాపా కౌంటీ సూపర్వైజర్ల బోర్డు (మన జిల్లా పరిషత్తు లాంటిది అనుకోండి) లోయలో వేల ఎకరాలని వ్యవసాయానికే కేటాయించింది. అంతకుముందు ఎకరం ముక్కలు చేసి అమ్ముకునేవాళ్ళు. ఆ తర్వాత 20 ఎకరాలకి తక్కువగా విడగొట్టడం కుదరదన్నారు, 1979లో దాన్ని 40 చేశారు. అమెరికాలో ఇలాంటిది ఇదే మొదటిది. మా భూమి మా ఇష్టం అని రైతుల్లోనే చాలామంది గొడవ చేశారు, అది వేరే కథ. 1990లో ఓటర్లు మెజర్ జె ని గెలిపించారు. ఈ భూముల్ని ఇంకో పనికి మార్చాలంటే ఇక బోర్డు ఒప్పుకుంటే చాలదు, జనం ఓటెయ్యాలి. 2008లో మెజర్ పి తో దీన్నే 2058 దాకా పొడిగించారు.

ఇంతవరకూ ద్రాక్షే హీరో. లోయలో నేల కరువయ్యాక తోటలు కొండెక్కాయి. అసలు పేచీ అక్కడ మొదలైంది.

1980ల చివర్లో, కొత్త తోట కోసం కొండ మీద తవ్విన మట్టి వానకి కొట్టుకొచ్చి బెల్ కాన్యన్ జలాశయంలో పడింది. సెయింట్ హెలీనా ఊరు తాగేది ఆ నీళ్ళే. దాంతో 1991లో కౌంటీ కొత్త రూలు పెట్టింది: వాలు 5 శాతం దాటితే, మట్టి కొట్టుకుపోకుండా ఏం చేస్తారో ప్లాన్ ఇచ్చాకే తోట వెయ్యాలి. బాగానే ఉంది గానీ, అది ఇంజనీరుకీ ఆఫీసుకీ మధ్య వ్యవహారం. ఊళ్ళోవాళ్ళకి అందులో పాత్ర లేదు. 1999లో సియెర్రా క్లబ్ కోర్టుకెళ్ళాక రాజీ కుదిరి, కొండ తోటలకి కూడా సీక్వా వర్తించడం మొదలైంది.

సీక్వా అంటే కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యత చట్టం. 1970లో సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్, నమ్మండి నమ్మకపొండి. పెద్ద ప్రాజెక్టయితే ప్రభావ నివేదిక ముసాయిదా బయట పెట్టాలి. ఎవరైనా దాన్ని చదివి అభ్యంతరాలు రాయొచ్చు, వాటికి కౌంటీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. మన కోడ్ రివ్యూ లాంటిదే అన్నమాట. కామెంటుకి జవాబు లేకుండా మెర్జ్ చెయ్యకూడదు. కాకపోతే జవాబివ్వాలి గానీ ఒప్పుకోవాలని లేదు, 'వోంట్ ఫిక్స్' అని రాసినా జవాబే!

దీనికి అసలు పరీక్ష వాల్ట్ రాంచ్. అట్లాస్ పీక్ ప్రాంతంలో 2,300 ఎకరాలు. అందులో 350 ఎకరాల పైచిలుకు తోట వేస్తామని యజమానులన్నారు. ముసాయిదా 2014లో బయటికొచ్చింది. పక్కనున్న సర్కిల్ ఓక్స్ కాలనీకి భూగర్భ జలమే ఆధారం. మీ బోర్లు పడితే మా బోర్ల గతేంటని వాళ్ళడిగారు. ఆ నేల మీద పడ్డ వానలో కొంత మిలికెన్ జలాశయంలోకి పోతుంది, అది నాపా నగరం తాగే నీరు. ఉత్తరాలు, విచారణలు, అప్పీళ్ళు అయ్యాక 2016 డిసెంబరులో బోర్డు అనుమతిచ్చింది. అప్పటికి తోట 209 ఎకరాలకి తగ్గింది. అయినా కొట్టేసే చెట్లు దాదాపు 14,000.

అన్నట్టు, 2002లో మన ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వాల్టా చట్టం పేరులో ఉన్నవీ ఇవే: నీరు, నేల, చెట్టు. బోరు వెయ్యాలన్నా చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. అలా అడిగి వేసిన బోర్లెన్నో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

2018 జూన్లో కొండల మీద ఓక్ చెట్ల నరికివేతకి హద్దు పెట్టే మెజర్ సి ఓటుకొచ్చింది. ముసాయిదా రాసేటప్పుడు కలిసొచ్చిన నాపా వేలీ వింట్నర్స్ సంఘం తర్వాత ఎదురు తిరిగింది. సుమారు 640 ఓట్ల తేడాతో ఓడిపోయింది. 2019లో అప్పీలు కోర్టులోనూ వాల్ట్ రాంచ్ నీళ్ళ వాదన నిలబడలేదు. కోర్టు తప్పు పట్టింది ఒక్కచోటే. కొట్టేసే చెట్ల వల్ల పెరిగే కార్బన్‌కి బదులుగా వేరే అడవిని కాపాడతామన్న లెక్కకి ఆధారం చాలదంది. నీళ్ళ దగ్గర మొదలైన గొడవ అలా కార్బన్ దగ్గర చిక్కుకుంది.

నాకు ఈ పద్ధతి పూర్తిగా నచ్చిందని చెప్పను. ఇన్నేళ్ళు లాయర్లని పెట్టుకోగల యజమాని తట్టుకుంటాడు, పదెకరాల రైతు కన్సల్టెంట్ల ఖర్చుకే కుదేలవుతాడు. అడిగే హక్కు కూడా తీరికా చదువూ ఉన్న కాలనీలకే ఎక్కువ ఉపయోగపడింది. కానీ ఓటులో ఓడిన ఏడాది తిరగకముందే, 2019లోనే, కౌంటీ తోట వేసే చోట చెట్ల నీడలో 70 శాతం ఉంచాలని రూలు తెచ్చింది. 640 ఓట్ల తేడాని ఏ బోర్డు మెంబరూ తేలిగ్గా తీసుకోడు కదా.

2022 చివర్లో వాల్ట్ రాంచ్ యజమానులు తోట ఆలోచన మానుకుని, ఆ భూమిని నాపా కౌంటీ ల్యాండ్ ట్రస్టుకి అమ్మడానికి ఒప్పుకున్నారు. ముసాయిదా బయటికొచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు.