రోడ్ రాష్: అమెరికాలో ఆగిపోయాక మన ఆత్మకూరులో మొదలైన ఆట

ఉదయగిరి అనగానే కొండమీది కోటే గుర్తొస్తుంది కదా. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి ఆ కోటను గెలుచుకున్నాడు. అక్కడున్న బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. దానికి శాసనం ఉంది. మరి మన అన్నలు నెట్ సెంటర్లో కూర్చొని గెలిచిన రేసులకు? ఏ రాయిమీదా ఒక్క అక్షరం లేదు. ఈరోజు ఎపిసోడ్ ఆ చరిత్ర గురించే. గేమ్ పేరు రోడ్ రాష్.

ముందు పేరు సంగతి. బండిమీద నుంచి జారిపడితే తారు రోడ్డుకు చర్మం గీరుకుపోతుంది చూడండి, ఆ గాయాన్నే ఇంగ్లీషులో రోడ్ రాష్ అంటారు. బైక్ గేములు అంతకుముందే ఉన్నాయి. 1984లో నింటెండో ఎక్సైట్‌బైక్ తెచ్చింది. 1985లో సెగా హ్యాంగ్-ఆన్ తెచ్చింది. దానికి బైక్ ఆకారంలో ఉన్న మెషిన్ ఎక్కి, ఒళ్లు పక్కకి వాల్చి ఆడేవాళ్లు. కానీ పక్కోడిని తన్ని గెలవొచ్చు అనే మజా 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ సెగా జెనెసిస్ కోసం చేసిన రోడ్ రాష్‌తోనే అందరికీ తెలిసొచ్చింది.

ఆట చాలా సింపుల్. కాలిఫోర్నియా రోడ్లమీద దొంగ రేసు. పక్కన వచ్చేవాడిని గుద్దొచ్చు, తన్నొచ్చు, వాడి చేతిలో కర్ర ఉంటే లాక్కొని వాడినే కొట్టొచ్చు. ఎదురుగా కార్లొస్తాయి. పడిపోతే లేచి పరిగెత్తి బండి దగ్గరికి పోవాలి. ఆ లోపల పోలీసు వస్తే పట్టేసుకుంటాడు, ఫైన్ కట్టాలి. గెలిచిన డబ్బుతో ఇంకో మంచి బండి కొనుక్కోవచ్చు.

1992లో రెండో భాగం, 1995లో మూడోది వచ్చాయి. మధ్యలో 1994లో 3డీఓ మెషిన్ కోసం కొత్తగా చేశారు. అందులో సౌండ్‌గార్డెన్ లాంటి రాక్ బ్యాండ్ల నిజమైన పాటలు, వీడియోలు పెట్టారు. 1996లో అదే విండోస్ కంప్యూటర్‌కి వచ్చింది. మనవాళ్లకు తెలిసిన రోడ్ రాష్ ఇదే. 2000లో ప్లేస్టేషన్‌కి జైల్‌బ్రేక్ అని ఒకటి తెచ్చారు. 2003లో దాన్నే గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఇచ్చారు. అంతే, అక్కడితో కథ ఆగిపోయింది.

అక్కడ ఆగిపోయే టైముకి ఇక్కడ మొదలైంది!

నేను ఆత్మకూరులో కంప్యూటర్ కోర్సులో చేరింది 2004 ఎండాకాలం సెలవుల్లో. నేర్చుకున్నది ఎంఎస్ వర్డ్, ఆడింది రోడ్ రాష్. సార్ టీ తాగడానికి బయటికి పోతే చాలు, గేమ్ ఓపెన్. ఉదయగిరి నుంచి మా పెదనాన్న కొడుకు సెలవులకు వచ్చేవాడు. ఇద్దరికీ ఒకటే కీబోర్డు. బాణం గుర్తుల మీద అన్న చెయ్యి, తన్నే బటన్ మీద నా చెయ్యి. వెనకాల ఇంకో నలుగురు నిలబడి "తన్నరా, తన్నరా" అని ఒకటే అరుపులు. సరిగ్గా గెలిచే టైముకి కరెంటు పోయేది. ఎవడు ఓడాడో తేలేది కాదు, రేపు మళ్లీ మొదలు.

ఇక్కడొక నిజం చెప్పాలి ఫ్రెండ్స్. ఆ గేమ్ మేం కొనలేదు. మా ఊళ్లో కొన్నవాడిని నేను చూడలేదు. ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి సీడీల్లో కాపీ అయి తిరిగింది. సైజు తగ్గించడానికి చాలా కాపీల్లో పాటలు, వీడియోలు తీసేసేవాళ్లు. అంటే మేం ఆడింది సగం గేమే. చేసినవాళ్లకు మా దగ్గర్నుంచి ఒక్క రూపాయి పోలేదు. అది తప్పే, కాదనను. కానీ దానివల్ల ఇంకొకటి కూడా జరిగింది. అమ్మకాల లెక్కల్లో మేం లేము. రేపు ఎవరైనా ఈ గేమ్ చరిత్ర ఆ లెక్కలు చూసి రాస్తే, అందులో ఆత్మకూరు ఉండదు, ఉదయగిరి ఉండదు.

పాత గేమ్ మీద ప్రేమ మనకొక్కరికే కాదు. 2013లో రోడ్ రిడెంప్షన్ అనే గేమ్ కోసం అభిమానులే కిక్‌స్టార్టర్‌లో డబ్బులిచ్చారు. 2017లో అది పూర్తిగా విడుదలైంది. గ్రాఫిక్స్ బాగున్నాయి, కత్తులు, తుపాకులు కూడా ఉన్నాయి. నేనూ ఆడాను. బాగుంది. కానీ ఏదో తక్కువైంది.

ఆ తక్కువైంది ఏందో పోయిన సంక్రాంతికి తెలిసింది. అన్న బెంగళూరు నుంచి వచ్చాడు. పాటలు, వీడియోలు అన్నీ ఉన్న పాత రోడ్ రాష్ సీడీ సంపాదించి, సగం రోజు తిప్పలుపడి ల్యాప్‌టాప్‌లో ఎక్కించాం. ఒక్కొక్కరం ఆడాం. రెండు రేసులు కాగానే అన్న "ఇది మనం ఆడింది కాదురా" అన్నాడు. తర్వాత రెండు కుర్చీలు దగ్గరికి జరుపుకొని, సౌండ్ తీసేసి, పాత పద్ధతిలో ఆయన చెయ్యి బాణాల మీద, నా చెయ్యి తన్నే బటన్ మీద పెట్టాం. అప్పుడు నవ్వొచ్చింది. మా పిల్లలు వచ్చి వెనకాల నిలబడ్డారు.

ఫోన్లో గేమ్ ఆడటం తప్పని నేను చెప్పను. మీరు బీజీఎంఐలో నలుగురు కలిసి అరుచుకుంటూ ఆడుతున్నారే, ఇరవై ఏళ్ల తర్వాత మీకు గుర్తుండేది ఆ అరుపులే. ఒక్క మాట మాత్రం వినండి. గేమ్‌లో కింద పడినోడు లేచి పరిగెత్తుతాడు. మన ముంబై హైవే మీద అట్టా లేవలేం. హెల్మెట్ పెట్టుకోండి.

ఈరోజు ఇంట్లో అన్ననో, బాబాయినో, మామనో ఒక ప్రశ్న అడగండి: "నువ్వు రోడ్ రాష్ ఎక్కడ ఆడావు, పక్కన ఎవరున్నారు?" వాళ్లు చెప్పింది కింద కామెంట్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. మన శాసనం మనమే రాసుకుందాం. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్.