బ్యాటరీ లేని రేడియో నుంచి మన ఫోన్ చార్జర్ దాకా: ఒక గుంయ్ శబ్దం కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక శబ్దం చరిత్ర చెప్పుకుందాం.

హామ్ రేడియో గురించి వినే ఉంటారు. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని, టవర్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా వేల కిలోమీటర్ల అవతలి మనిషితో మాట్లాడేవాళ్ళు. మీకు అడ్డం పడేది ఏంటి అని వాళ్ళనడిగితే చాలామంది దూరం అని చెప్పరు. "కరెంటే సార్" అంటారు. సెట్టుకి ప్రాణం పోసేది కరెంటే, సిగ్నల్‌ని మింగేసేదీ అదే. ఈ గొడవ మొదలై నూరేళ్ళయింది.

1920ల మొదట్లో రేడియో అంటే బ్యాటరీల కుప్ప. వాల్వులోని ఫిలమెంటుని వేడి చెయ్యడానికి ఒక యాసిడ్ బ్యాటరీ, ప్లేటుకి ఎక్కువ వోల్టేజి ఇవ్వడానికి ఇంకో బ్యాటరీ. యాసిడ్ ఒలికితే తివాచీ కాలిపోయేది. చార్జ్ అయిపోతే పాట మధ్యలోనే ఆగిపోయేది. అప్పటికే గోడలో కరెంటు ఉంది కదా, అందులో పెట్టేస్తే పోదా? పెట్టి చూశారు. గుంయ్... అని ఒకటే మోత, అందులో పాట వినబడితే ఒట్టు!

ఎందుకంటే గోడలో వచ్చేది ఏసీ. మన దేశంలో సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆనాటి వాల్వుల్లో వేడెక్కే తీగే ఎలక్ట్రాన్లనీ వదిలేది. తీగలో కరెంటు ఊగితే, ఆ ఊపు నేరుగా సిగ్నల్‌లో కలిసిపోతుంది. రేడియో పనే చిన్న సిగ్నల్‌ని పెద్దది చెయ్యడం కాబట్టి, దాంతోపాటు ఈ మోతనీ పెద్దది చేసేది.

దీన్ని తేల్చినవాళ్ళలో ఒక కుర్రాడి పేరు చెప్పాలి. కెనడా టొరంటోకి చెందిన ఎడ్వర్డ్ రోజర్స్. ఆయనా హామే. 1921లో అట్లాంటిక్ సముద్రం దాటించే పరీక్షల్లో ఈయన పంపిన సిగ్నల్ స్కాట్లాండ్‌లో వినబడింది. 1924లో అమెరికాలో ప్రయోగ దశలో ఉన్న ఒక ఏసీ వాల్వుని చూసి, దాని హక్కులు కొని, మెరుగుపరిచి, 1925లో బ్యాటరీ అక్కర్లేని రేడియోని మార్కెట్లోకి తెచ్చాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు! 1927లో మొదలుపెట్టిన స్టేషన్ పేరు సీఎఫ్‌ఆర్‌బీ. అందులో చివరి 'బీ' అంటే బ్యాటరీలెస్ అనే.

కిటుకేంటంటే, వేడి చేసే తీగ వేరు, ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్ వేరు. దోసెల పెనం గుర్తు తెచ్చుకోండి. కింద మంట కాస్త ఎగిరినా, దిగినా, మందంగా ఉన్న పెనం వేడి ఒకేలా ఉంటుంది. అదే పద్ధతన్నమాట.

మరి ప్లేటుకి ఇచ్చే వోల్టేజి సంగతి? ఏసీని రెక్టిఫైయర్‌తో డీసీ చేసినా అది గుట్టలు గుట్టలుగానే వస్తుంది. మన 50 కాస్తా సెకనుకి 100 గుట్టలవుతుంది. దానికి కెపాసిటర్ పెట్టారు. మున్సిపాలిటీ నీళ్ళు ఆగి ఆగి వచ్చినా, పైన ట్యాంకు ఉంటే కుళాయిలో ధార ఆగదు కదా, అలాగ. పక్కన చోక్ కాయిల్ పెడితే హఠాత్తుగా మారే కరెంటుని అది అడ్డుకుంటుంది.

ఈ సరంజామా అంతా ఒక డబ్బాలో పెట్టి 'బ్యాటరీ ఎలిమినేటర్' అని అమ్మారు. ఇంట్లో తాతయ్యని అడగండి, ట్రాన్సిస్టర్‌కి ఎలిమినేటర్ పెట్టుకున్న రోజులు చెబుతారు. 1928లో షికాగోలో పాల్ గాల్విన్ పెట్టిన కంపెనీ మొదట చేసింది ఈ ఎలిమినేటర్లే. ఆ కంపెనీయే తర్వాత మోటరోలా అయింది. 1973లో చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్‌తో మొదటి కాల్ చేసిందీ వాళ్ళే!

కథ ఇక్కడితో సుఖాంతం అనుకున్నారు. కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకరాయంత బరువు, పైగా వేడి. సెకనుకి 50 సార్లు కాకుండా వేలసార్లు ఊగే కరెంటైతే ట్రాన్స్‌ఫార్మర్ అగ్గిపెట్టెంత సరిపోతుంది. అలా స్విచింగ్ పవర్ సప్లైలు వచ్చాయి. 1977 నాటి యాపిల్ 2 కంప్యూటర్‌లో ఉన్నది అదే, మీ చార్జర్‌లో ఉన్నదీ అదే.

ఇది పని చేసే తీరు చూడండి. 230 వోల్టుల ఏసీని దాదాపు 325 వోల్టుల డీసీ చేసి, దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తుంది. సెకనుకి 65 వేల సార్లు కోస్తుందనుకుందాం. ఆ కోతకి అంచులు పదును. అందుకని 65 వేల దగ్గరే ఆగదు, దాని రెట్టింపు, మూడింతలు, అలా పైకి పాకుతూనే ఉంటుంది. 108వ రెట్టు దగ్గర ఎక్కడ తేలుతుందో లెక్కేయండి: 7.02 మెగాహెర్ట్జ్. సరిగ్గా హామ్‌లు వాడే 40 మీటర్ల బ్యాండులో!

అంత పైన మిగిలేది చాలా తక్కువే. కానీ ఆ సెట్టుకి 50 మైక్రోవోల్టులు వస్తే అది గట్టి సిగ్నల్ కింద లెక్క. 325 వోల్టులు దానికి 65 లక్షల రెట్లు. అందులో చిటికెడు బయటికి కారినా చాలు, అవతలి మనిషి గొంతు మునిగిపోతుంది. మంచి చార్జర్‌లో ఆ కారుడుని ఆపే ఫిల్టర్ ఉంటుంది. మరీ చవక రకాల్లో ఖర్చు తగ్గించడానికి ముందు తీసేసేది దాన్నే.

దీనికి మందు 1930లోనే జపాన్‌లో పుట్టింది. టోక్యోలో కాటో, టాకేయి అనే ఇద్దరు ఫెర్రైట్ కనిపెట్టారు. లాప్‌టాప్ వైరు చివర నల్లటి ఉండ ఉంటుంది చూడండి, అదే. చార్జింగ్ కరెంటు ఒక తీగలో వెళ్ళి ఇంకో తీగలో తిరిగొస్తుంది కాబట్టి ఫెర్రైట్ దాన్ని పట్టించుకోదు. రెండు తీగల్లోనూ ఒకే దిక్కుగా పాకే రొదని మాత్రం ఆపుతుంది. వైరుని ఫెర్రైట్ రింగులోంచి మూడుసార్లు తిప్పితే ఆ అడ్డు సుమారు 9 రెట్లవుతుంది.

దొంగని పట్టడం కూడా తేలికే. రేడియోని బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. ఏది ఆపితే మోత తగ్గిందో అదే. చార్జర్‌ని మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపల కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజి ఉండొచ్చు.

ఇంత తాపత్రయం ఎందుకంటారా? 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. ఫోన్లు మూగబోయిన చోట వాళ్ళ రేడియోలు కబురు మోశాయి. కానీ కబురు పంపితే సరిపోదు ఫ్రెండ్స్, ఇవతల వినేవాళ్ళ చెవి నిశ్శబ్దంగా ఉండాలి. అవతల చిన్న బ్యాటరీ మీద ఎవరో పిలుస్తుంటే, ఇవతల ఒక నాసిరకం చార్జర్ ఆ పిలుపుని మింగెయ్యకూడదు. నా దృష్టిలో ఈ నూరేళ్ళ గొడవంతా దానికోసమే.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.