యుద్ధక్రీడల నమూనా చెట్లు

బల్లపై బొమ్మసైనికులతో ఆడే యుద్ధక్రీడల్లో అడవులను సూచించడానికి చేసే చిన్న చెట్లు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’ ఈ వినోదానికి తొలి ప్రసిద్ధ నియమగ్రంథం. ఆటలో చెట్టు అలంకారం మాత్రమే కాదు; సాధారణంగా అది చూపును అడ్డగిస్తుంది, నడకను మందగింపజేస్తుంది, గురి తప్పిస్తుంది.

సన్నని ఇనుప తీగలను కట్టగా పట్టి మెలిపెడితే మాను వస్తుంది. పైకొసలను విడదీస్తే కొమ్మలు, కింది కొసలను పరిస్తే వేళ్లు. తీగల మెలికలు కనబడకుండా ఫెవికాల్‌లో సన్నని ఇసుక కలిపి పూస్తారు. ఆరాక ముదురు రంగు వేసి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత బూడిదరంగు తాకిస్తే బెరడు గరుకు తేలుతుంది. రంగు అద్దిన స్పాంజి తునకలే ఆకులు.

మనిషి బొమ్మ దాదాపు 28 మి.మీ. ఎత్తుండే కొలతలో 15 మీటర్ల చెట్టు దాదాపు 27 సెం.మీ. ఉండాలి. అంత ఎత్తయితే ఆటగాడి చేతికి అడ్డం. అందుకే 10–15 సెం.మీ.తో సరిపెడతారు, కంటికీ అదేమంత కొరతగా అనిపించదు.

అసలు చిక్కు చెట్టును నిలబెట్టే పీఠంతోనే. అట్టముక్క జిగురు తడికి వంగిపోతుంది, 3 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్కపీచుతో చేసిన పలక) మేలు. దాని అంచును ఏటవాలుగా అరగదీసి, అడుగున ఇనుప వాషర్ అతికిస్తే చెట్టు పడిపోదు. సైనికులు అడవిలోకి దూరినప్పుడు చెట్లను పక్కకు తీసేలా కొందరు అయస్కాంతాలు అమరుస్తారు.